మూడు తెల్ల అంగీలు, ఒక ఎర్ర దారం

రోమ్, బోర్గో,
అక్టోబరు 3

అక్కయ్యా,

పోపుగారు దిగిపోతున్నారు! మీ మఠం గోడలు దాటి ఈ వార్త లోపలికి వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆయన కాలం చేయలేదు, మంచమూ పట్టలేదు. నిన్న ఉదయం కార్డినల్స్‌ని కూర్చోబెట్టి, "నాలో సత్తువ అయిపోయింది, ఇరవై అయిదో తేదీ నుంచి ఈ పీఠం ఖాళీ" అని కాగితం చూసి చదివేశారట. కింద కాఫీ కొట్టు రిగెత్తో వీధిలోంచి అరిచిన అరుపుకు నా చేతిలో సుద్దముక్క విరిగింది.

"అన్సెల్మో! మీ ముసలాయన రాజీనామా ఇచ్చాడయ్యోయ్!"

నేను నమ్మలేదు. పోపు రాజీనామా ఇవ్వడమేమిటి, ఆయనేమన్నా పోస్టాఫీసు గుమాస్తానా? మన కొట్టు పుట్టాక ఏ పోపుగారూ బతికుండగా దిగలేదు. అయినా జూన్‌లో కొలతలు తీసుకుంటుంటే, "అన్సెల్మో, ఈసారి అంత గట్టి గుడ్డ వద్దు, ఎక్కువ కాలం వాడను" అన్నారు. చావు గురించి అంటున్నారనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడు ఆ కన్నీళ్లు ఎవరిని తిరిగి ఇమ్మనాలి?

సరే, అసలు చిక్కు వేరే ఉంది. కార్డినల్స్ తమలో ఎవరిని ఎన్నుకుంటారో తెలియదు కాబట్టి చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు తెల్ల అంగీలు కుట్టి సిస్టీన్ గుడి పక్క గదిలో తగిలించాలి కదా. చావు గంట మోగేదాకా తెల్ల గుడ్డ బల్ల మీదికి రాకూడదని నాన్న నియమం. "బతికున్న మనిషి తరవాతి అంగీ కత్తిరిస్తే కత్తెర సిగ్గుపడుతుంది" అనేవాడు. ఇప్పుడు గంట మోగదు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. నేను మొదలు పెట్టనా, వద్దా? దేవుడికి నువ్వు దగ్గర కాబట్టి అడిగి చెప్పు.

ఇంకో మాట. మన తమ్ముడి పిల్ల నీవెస్ నిన్నటి నుంచి నావైపు ఒకలా చూస్తోంది. నేనేదో బాకీ ఉన్నట్టు. నేనన్నది "పోపుగారు కాలం చేశాక" అని. ఆయన కాలం చేశారా? లేదు.

నీ తమ్ముడు
అన్సెల్మో


సాంతా ఫెలీచె మఠం, మోంతెకార్దో,
అక్టోబరు 7

చిరంజీవి అన్సెల్మోకు,

వార్త నీకంటే ముందే మాకు తెలిసింది. కూరలబ్బాయి క్యాబేజీలతో పాటు తెచ్చాడు. అందరం గుడిలోకి వెళ్లి ఆ పెద్దాయన కోసం జపమాల చెప్పుకున్నాం. తరవాత వంటగదిలో అందరం ఒకేసారి మాట్లాడాం. మదర్ కళ్లు మూసుకుని వదిలేసింది.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నీవెస్ సంగతి నేను అడిగానా? నువ్వే ఎత్తావు. కాబట్టి విను. తమ్ముడు అత్తీలియో పోయిన వారానికి నువ్వు వాడి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, మా గదిలో కమ్మీల అవతల కూర్చుని నా ఎదుట అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఈ పోపుగారి తరవాత వచ్చే పోపుగారి అంగీ నీవెస్ కత్తిరిస్తుంది. ఆ రోజు నుంచి నాన్న కత్తెర దానిది, కొట్టు దానిది." అన్నావా, లేదా? ఎనిమిదేళ్లయింది. 'తరవాత' అన్నావు. 'చచ్చాక' అన్న మాట ఇప్పుడు నువ్వు కలిపి కుట్టుకున్నావు, కుట్టు కనబడుతూనే ఉంది.

ఇక గుడ్డ సంగతి. మొదలు పెట్టు. తెల్ల గుడ్డ కత్తిరించడం వల్ల ఎవరూ చావరు. కానీ నువ్వు కాదు, నీవెస్ మొదలు పెట్టాలి.

నీకు డెబ్బై మూడు. నాకు డెబ్బై ఆరు. మేమిక్కడ మూడేళ్లకోసారి చీటీలు మడిచి పెట్టెలో వేసి మదర్‌ని ఎన్నుకుంటాం. తొమ్మిదేళ్లు నేనే ఉన్నాను. ఈ వసంతంలో "ఇక నా పేరు రాయకండి" అని చెప్పి తాళాలు ఇచ్చేశాను. మొదటి వారం నా చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోయి తాళాల కోసం వెతికేది. రెండో వారం నుంచి నిద్ర బాగా పడుతోంది.

ఫోను చేయకు. మఠంలో ఫోను దగ్గర గొంతు పెంచకూడదు, నీకు పెంచకుండా మాట్లాడటం రాదు.

అక్క
ఎర్సీలియా (ఇక్కడ సిస్టర్ సెరఫీనా)


రోమ్, బోర్గో,
అక్టోబరు 15

గౌరవనీయులైన సిస్టర్ సెరఫీనా గారికి,

తమరి ఉపదేశం అందింది. అంగీలు కత్తిరించాను. నేనే కత్తిరించాను. ఇది మామూలు సమయం కాదు, ప్రపంచమంతా చూసే అంగీ. నీవెస్ చెయ్యి మంచిదే, నేను కాదనను, కానీ దానికి అనుమానం జబ్బు. జరిగింది చెబుతాను, నువ్వే తీర్పు చెప్పు.

"పెదనాన్నా, కుట్టు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదులు" అంది.

"ఎందుకే? పిండి సంచులు కుడుతున్నామా?"

"ఎవరొస్తారో తెలీదు కదా."

"నీకు తెలీదు. నాకు తెలుసు."

"పవిత్రాత్మ చెవిలో చెప్పిందా?"

"కొలతల పుస్తకం చెప్పింది."

నవ్వింది అక్కా! నా ముఖం మీదే నవ్వింది. కానీ నాకు నిజంగానే తెలుసు. ఈ ఊళ్లో ఉన్న కార్డినల్స్‌లో సగం మంది ఎర్ర అంగీలు నేను కుట్టినవే. పేపర్లవాళ్లు వాళ్ల ప్రసంగాలు చదువుతారు, నేను వాళ్లు నిలబడటం చూస్తాను. కొలత తీస్తుంటే కొందరు ఊగుతారు, కొందరు గడియారం చూస్తారు, ఒకాయనైతే ఆవలిస్తూనే ఉంటాడు. ఉత్తరాది కార్డినల్ ఓర్సెనీగో మాత్రం అరగంట గుంజలా నిలబడతాడు. పోపు కావాల్సిన మనిషి అలా నిలబడాలి. అందుకని పెద్ద అంగీ ఆయన ఒంటికి సరిగ్గా కత్తిరించాను, ఆయన ఎడమ చెయ్యి కుడిదాని కంటే బొటనవేలంత పొడుగు, అది కూడా చూసుకున్నాను. మధ్యదీ చిన్నదీ తరవాతి ఇద్దరికి. చిన్నదాని ఆసామి ఎండుచేపలా ఉంటాడు. అదనపు గుడ్డంతా కత్తిరించి పారేశాను. లోపల గుడ్డ వదలడం చేతకానివాడి పని.

"పోపుగా లోపలికి వెళ్లినవాడు కార్డినల్‌గానే బయటికొస్తాడు" అని రిగెత్తో కూడా సామెత చెప్పి ఎగతాళి చేస్తున్నాడు. వాడికేం, కాఫీ కప్పుకి కొలతలుండవు.

ఎప్పటిలాగే ఓట్ల సూది కూడా మనమే ఇస్తున్నాం. లెక్కపెట్టిన ప్రతి చీటీని సూదితో గుచ్చి, ఒకే దారానికి దండలా ఎక్కించి, ముడి వేసి, పొయ్యిలో పడేస్తారు కదా. ఆ సూదికి దారం ఎక్కించి పెట్టే పని నీవెస్‌కి ఇచ్చాను. చూశావా, నేనేమీ ఇవ్వనివాడిని కాను.

అంగీకి ముప్పై మూడు కాజాలు, మూడింటికి తొంభై తొమ్మిది. ఎప్పటిలాగే మీ మఠంలోనే కుట్టాలి. ఇరవై ఆరున నీవెస్ బస్సులో తెస్తుంది.

అన్సెల్మో


సాంతా ఫెలీచె మఠం, మోంతెకార్దో,
అక్టోబరు 29

అన్సెల్మో,

నీవెస్ వచ్చింది, మూడు రోజులు అతిథిగదిలో ఉంది. సోమవారం నుంచి పీఠం ఖాళీ. ఆ సాయంత్రం మా గంట మోగించాలా వద్దా అని ఇక్కడ పెద్ద చర్చ జరిగింది. చావైతే మోగించాలి, ఇది చావు కాదు. చివరికి మదర్, "మంచి పని చేసి ఇంటికెళ్లిన మనిషి కోసం మోగిద్దాం" అంది. మోగించాం. చాలా బాగుంది తమ్ముడూ, పెళ్లిగంటలా ఉంది.

కాజాలన్నీ నేనే కుట్టాను. కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. నీ కత్తిరింపు గురించి నేనేమీ అనను. చాలా బిగువుగా ఉందని మాత్రం అంటాను.

మూడు అంగీలూ ఇస్త్రీ చేసి, మడిచి, పెట్టెల్లో పెట్టి, లక్క ముద్ర వేసి పంపుతున్నాను. పెట్టెలు విప్పకు. విప్పితే మడతలు చెడతాయి, నువ్వు మళ్లీ ఇస్త్రీ చేస్తావు, ఎక్కడో ఒకచోట కాలుస్తావు. నేరుగా సిస్టీన్ గుడి ద్వారం దగ్గర ఇచ్చెయ్యి.

ఇప్పుడు ఇంకో సంగతి. చెప్పమని నీవెస్ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు, అందుకని చెబుతున్నాను. వెనిస్‌లో ఒక నాటకశాలవాళ్లు దాన్ని తమ దుస్తుల గదికి అధికారిగా రమ్మన్నారు. పన్నెండుమంది దాని కింద పనిచేస్తారు. సెయింట్ మార్టిన్ పండుగలోపు జవాబు రాయాలి. అంటే నవంబరు పదకొండు, అంటే కార్డినల్స్ లోపలికి వెళ్లి తలుపులు వేసుకునే రోజే.

"నీకు వెళ్లాలనుందా?" అని అడిగాను.

"లేదత్తా. కానీ పెదనాన్న కత్తెర పట్టుకుని చచ్చిపోయేదాకా నేను కచ్చాకుట్లు వేస్తూ కూర్చోలేను. నాకు నలభై నాలుగు."

ఇరవై ఏళ్ల నుంచి అది నీ పక్కన కూర్చుంటోంది. ఒక్క పోపు అంగీ అయినా కత్తిరించిందా? పోనీ ఒక చెయ్యి? ఒక కాలరు?

ఎర్సీలియా


రోమ్, బోర్గో,
నవంబరు 5

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. కోపంతో మూడుసార్లు జవాబు రాసి చింపాను. వెనిస్ సంగతి నీవెస్ నాతో ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని గుడ్డ గురించి మాత్రమే మాట్లాడుకుంటున్నాం.

పెట్టెలు ఇచ్చేశాను, విప్పలేదు. విప్పుదామని రెండుసార్లు కత్తి తీశాను. "అత్తయ్య ముద్ర వేసింది, నీ ఇష్టం" అంది నీవెస్, తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి. ఆ ముఖమెందుకో నాకు అర్థం కాలేదు.

నిన్న కొండ మీది ఇంటికి వెళ్లి దిగిపోయిన పెద్దాయన్ని చూశాను. ఇకమీదట కూడా తెల్లదే కట్టుకుంటారు, కానీ భుజాల మీద పొట్టి కేపు ఉండదు, నడికట్టు ఉండదు. ఆ సాదా అంగీ తీసుకెళ్లాను. తోటలో కుర్చీ వేసుకుని పిల్లికి జున్ను పెడుతున్నారు. ఆయన అలా నవ్వడం నేను పదకొండేళ్లలో చూడలేదు.

అంగీ తొడుక్కుని చేతులు ఊపి చూసుకున్నారు. "తేలిగ్గా ఉందయ్యా" అన్నారు.

"కేపు లేదు కదా స్వామీ, అందుకే."

"అందుకేనా?" అని నా ముఖంలోకి చూసి, "మరి నీ తరవాత కొట్టు ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు.

నేనేమన్నానో తెలుసా? "ఇంకా అనుకోలేదు స్వామీ" అన్నాను. ఒక పోపుగారితో అబద్ధమాడాను. దిగిపోయినా పోపుగారే కదా. బస్సులో తిరిగొస్తూ సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదు అక్కా. ఆ కత్తెర లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి? నాకు పెళ్లాం పిల్లలు లేరు, మీకులాగా జపాలూ లేవు. నాకు భయంగా ఉంది. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

అన్సెల్మో


సాంతా ఫెలీచె మఠం, మోంతెకార్దో,
నవంబరు 8

నా చిన్ని తమ్ముడూ,

ఈ ఒక్క ఉత్తరంలో నువ్వు నిజం రాశావు. అందుకని ఈసారి తిట్టను.

పూర్వం ఒకసారి కార్డినల్స్ కొత్త పోపు ఎవరో మూడేళ్లకి కూడా తేల్చుకోకపోతే, ఊరివాళ్లు వాళ్లని భవనంలో పెట్టి తాళం వేసి, రొట్టె నీళ్లు తప్ప ఏమీ పెట్టక, ఆఖరికి పైకప్పు పీకేశారట. వానకి తడిశాక గానీ పవిత్రాత్మ మాట వినబడలేదు. నీ పైకప్పు నేను పీకలేను, ఇంత దూరం నుంచి నా చెయ్యి అందదు. కానీ నువ్వు కూడా అదే చేస్తున్నావు. నీ గదిలో ఓటరు నువ్వొక్కడివే, అభ్యర్థివీ నువ్వే, ప్రతిసారీ గెలుస్తున్నావు.

పొద్దున్నే లేచి ఏం చేయాలని అడిగావు. కాఫీ తాగు. రిగెత్తోతో దెబ్బలాడు. పెద్దాయనలా ఒక పిల్లిని పెంచు. ఆ తరవాత కొట్టుకి వెళ్లి, నీవెస్ కత్తిరిస్తుంటే చూసి తప్పులు పట్టు. నువ్వు మాట్లాడకుండా కూర్చోవాలని ఎవరూ అనలేదు, కూర్చోలేవు కూడా.

పదకొండున కొత్త ద్రాక్షసారా తాగు, కాల్చిన చెస్ట్‌నట్లు తిను. నా వాటా కూడా తిను.

ఎర్సీలియా


రోమ్, బోర్గో,
నవంబరు 14

సిస్టర్ సెరఫీనా గారికి,

తమరు మఠవాసినా, దొంగల ముఠా నాయకురాలా?

వరుసగా చెబుతాను. పదకొండు సాయంత్రం తలుపులు మూశారు, ఒక విడత ఓటింగు, నల్ల పొగ. పన్నెండున నాలుగు విడతలు, రెండుసార్లు నల్ల పొగ. మూడింట రెండు వంతులు ఎవరికీ రాలేదన్నమాట. నేనూ నీవెస్ మూడు రోజులూ గుడి ముందు చౌకులోనే నిలబడ్డాం. దాని కోటు జేబులోంచి కవరు అంచు కనబడుతోంది. వెనిస్‌కి రాసిన జవాబు, స్టాంపు కూడా అంటించి ఉంది.

"గడువు పదకొండు కదా?" అన్నాను. అంతవరకు నాకు తెలుసన్న సంగతి దానికి తెలియదు.

ఉలిక్కిపడింది. "మూడు రోజులు అడిగాను. పొగ చూశాక పోస్టు చేస్తా" అంది.

నిన్న సాయంత్రం ఎనిమిదో విడతకి తెల్లపొగ వచ్చింది! జనం కేకలు, గంటలు, రిగెత్తో ఏడుస్తూ నా మెడ పట్టుకుని వేలాడాడు. ఇంకో గంటకి బాల్కనీ తెరుచుకుంది. పేరు చదివారు. ఓర్సెనీగో కాదు. నా పుస్తకంలో ఉన్నవాళ్లు ఎవరూ కారు! అట్లాంటిక్ మధ్య దీవుల నుంచి వచ్చిన కార్డినల్ అట, తన అంగీలు ఇంటి దగ్గర చెల్లెలి చేత కుట్టించుకుంటాడట. బయటికొచ్చాడు. ఇంతే ఎత్తు, పీపాలా గుండ్రం. పొట్టివాడికి చిన్న అంగీయే వేసి ఉంటారు, అది ఎండుచేప కోసం కత్తిరించింది. ఇప్పుడు చేతులెత్తి దీవిస్తాడు, చంకలు చిరుగుతాయి, ప్రపంచమంతా చూస్తుందని కళ్లు మూసుకున్నాను.

తెరిచి చూస్తే, ఆయన రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు. అంగీ సరిపోయింది. భుజం, నడుము, అంచు, అన్నీ. పైగా ఆయన పకపకా నవ్వుతున్నాడు. కొత్త పోపులు ఏడుస్తూ వస్తారు, ఈయన నవ్వుతూ వచ్చాడేమిటని జనం ఆశ్చర్యపోయారు. అందరూ ముఖం చూస్తున్నారు, నేను పక్క కుట్టు చూస్తున్నాను.

"అది నా కత్తిరింపు కాదు" అన్నాను.

నీవెస్ ఎర్రబడి, "కాదు పెదనాన్నా" అంది. అప్పుడు చెప్పింది, తనూ నువ్వూ కలిసి ప్రతి అంగీకి రెండు పక్కలా ముక్కలు వేసి, మడత పెట్టి, ఎర్ర దారంతో కచ్చాకుట్టు వేశారని. లోపల చీటీ కూడా పిన్నుతో గుచ్చారట, "ఇరుకైతే ఎర్ర దారం లాగండి" అని! ముక్క వేసిన చోటు కేపు కిందా నడికట్టు కిందా దాక్కుందట. యాభై ఏళ్లలో నా కుట్టు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. నా వెనకాల, లక్క ముద్ర కింద, మఠంలో!

రేపు కాక ఎల్లుండి కొత్త పోపుగారి కొలతలకి రమ్మని కబురొచ్చింది. ఏ ముఖంతో వెళ్లను?

అన్సెల్మో


సాంతా ఫెలీచె మఠం, మోంతెకార్దో,
నవంబరు 15

అన్సెల్మోకు,

ఈ ఉత్తరం రోమ్ వెళ్తున్న ఫాదర్‌గారి చేతికిచ్చి పంపుతున్నాను, నువ్వు వెళ్లేలోపు అందాలని.

చెయ్యి వేశాం. నా చెయ్యే. ఆలోచన నీవెస్‌ది, మిగిలిన గుడ్డ చుట్టి సంచిలో తెచ్చింది. ఎర్ర దారం నాది, బలిపీఠం గుడ్డ కుట్టగా మిగిలింది. నీకు అబద్ధం చెప్పలేదు, పెట్టె విప్పొద్దని మాత్రమే చెప్పాను. అయినా పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. ఫాదర్ చాలాసేపు దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికనుకుంటాను.

పని మొదలుపెట్టే ముందు నీవెస్ ఏమందో విను. "పెదనాన్న కుట్టు విప్పాలంటే చేతులు రావట్లేదత్తా. ఇంత సన్నని కుట్టు ఊళ్లో ఎవరికీ రాదు. కానీ ఆయన తనకి తెలిసినవాడి కోసం కుట్టాడు. తెలియనివాడి కోసం కుట్టాలి కదా." ఆ కుట్టుని ఇద్దరం వేలితో తడిమి చూశాం. తరవాతే విప్పాం.

ఏ ముఖంతో వెళ్లాలంటావా? ఉన్న ముఖంతోనే వెళ్లు. నీవెస్‌ని వెంట తీసుకెళ్లు.

ఎర్సీలియా


రోమ్, బోర్గో,
నవంబరు 17

అక్కయ్యా,

వెళ్లాను. తీసుకెళ్లాను.

కొత్త పోపుగారు బంతిలా దొర్లుకుంటూ ఎదురొచ్చారు. మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోనివ్వలేదు. "కూర్చుంటే మళ్లీ లేవడానికి మన ముగ్గురికీ కష్టం" అన్నారు. తరవాత ఎవరో కాఫీ తెచ్చారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు.

"పోపునయ్యాక నేను చేసిన మొదటి పనేమిటో తెలుసా? ప్రార్థన అనుకుంటున్నారు అందరూ. కాదయ్యా, దారం లాగడం! ఆ పక్కగదిలోకి ఏడుద్దామనే వెళ్లాను. పెద్దది తొడిగితే కింద ఈడుస్తోంది, చిన్నది తొడిగితే చేతులు దూరడం లేదు. దేవుడికి కూడా నేను పట్టననుకున్నాను. అప్పుడు చీటీ కనబడింది. లాగాను. పటపటా విడిపోయింది. ఎవరో మనిషి, నేనెవరో తెలియకుండానే, నేను వస్తానేమోనని చోటు ఉంచారు. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బాల్కనీకి వెళ్లాను. ఎవరు కుట్టారది?"

అక్కా, "నేనే" అనడానికి నా నోరు సగం తెరుచుకుంది. నిజం చెబుతున్నాను. నీవెస్ తల వంచుకుని టేపు చుట్టుకుంటోంది. పేరు నాకు పోవడం తనకి అలవాటే.

"ఇది నా తమ్ముడి కూతురు నీవెస్, స్వామీ" అన్నాను. "ఇదే కుట్టింది. నేను వద్దన్నా కుట్టింది. కొట్టు ఇప్పుడు దీనిదే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ, ఇచ్చేశానని నాకే తెలియలేదు. ఎనిమిదేళ్లుగా బరువనుకున్నది ఒక్క వాక్యంలో అయిపోయింది. నీవెస్ చేతిలోంచి టేపు జారిపడింది. పోపుగారే వంగి తీసిచ్చారు, చాలా అవస్థపడి.

కొలతలు అదే తీసింది. నా పుస్తకం కొట్టులోనే మరిచిపోయాను. రాసుకోవడానికి కాగితం లేదు. అప్పుడది జేబులోంచి వెనిస్ కవరు తీసి, దాని వెనకాల రాయడం మొదలుపెట్టింది. ఛాతి, నడుము, చెయ్యి, మెడ. వెనిస్‌వాళ్ల చిరునామా మీద మా పోపుగారి నడుము! నేను గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న కత్తెర దాని బల్ల మీద పెట్టాను. వేలి తొడుగు మాత్రం ఉంచుకుంటున్నాను, పెద్దాయన కేపు వదిలి అంగీ ఉంచుకున్నట్టు. ఈ ఉదయం లేచి ఏం చెయ్యాలో తెలియక కాఫీ తాగాను, రిగెత్తోతో దెబ్బలాడాను, కొట్టుకెళ్లి నీవెస్ కాలరు కత్తిరింపులో మూడు తప్పులు పట్టాను. రెండు నిజంగా తప్పులు కావు.

ఇంకొకటి, యాభై ఆరేళ్ల నాటిది. నాన్న నాకు కత్తెర ఇచ్చిన రోజున నువ్వు కిటికీ దగ్గర కాజాలు కుడుతున్నావు. తల ఎత్తలేదు. నీ కుట్టు నా కుట్టు కంటే మేలని అప్పుడూ నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. మరుసటేడు నువ్వు మఠంలో చేరావు. కత్తెర నీకు రావలసింది అక్కా. ఎప్పుడూ అనలేదు. ఇప్పుడంటున్నాను.

తమ్ముడు
అన్సెల్మో


సాంతా ఫెలీచె మఠం, మోంతెకార్దో,
నవంబరు 21

నా తమ్ముడు అన్సెల్మోకు,

నీ ఉత్తరం గుడిలో చదువుకున్నాను, తరవాత వంటగదిలో అందరికీ చదివి వినిపించాను. పోపుగారి నడుము దగ్గర మదర్ కూడా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. చివరి పేరా మాత్రం చదవలేదు. అది నాది.

నేను మఠానికి వచ్చింది ప్రభువు పిలిస్తే, కత్తెర రాక కాదు. ఇన్నేళ్లుగా నువ్వు అలా అనుకుంటూ, క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి నాకు అంత మంచి దారాలు పంపుతుంటే, నేను కాదనకుండా ఊరుకున్నాను. మంచి దారాలు కదా. అది కూడా పాపమే, ఈ శనివారం చెప్పుకుంటాను.

కానీ తల ఎత్తని మాట నిజం. ఎత్తితే ఏడుస్తానని ఎత్తలేదు. నువ్వు చూశావని ఇప్పుడే తెలిసింది.

ఇక్కడ మా చీటీల పెట్టె నా గది పక్కనే ఉంటుంది. నిన్న ఊరికే ఆలోచించాను. ఆ రోజు నాన్న మన ముగ్గురికీ చీటీలిచ్చి, కత్తెర ఎవరికని ఓటు అడిగి ఉంటే, నేను నా పేరే రాసుకునేదాన్ని, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఇవాళ అడిగితే నీ పేరు రాస్తాను. ఇప్పుడు నువ్వు దిగిపోయావు కాబట్టి.

అక్క
ఎర్సీలియా